గోడ వైపు తిరిగిన స్పీకర్లు

2013 జులైలో అమర్ బోస్ చనిపోయారన్న వార్త వచ్చిన రోజు మా షాపులో ఎవరికీ బాధ కలగలేదు. పైగా నవ్వుకున్నాం.

కోఠి గుజరాతీ గల్లీలో ఓ ఆడియో షాపు అది. నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు. తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలైంది. స్పీకర్ వైర్లు చుట్టడం, కస్టమర్ల ఇళ్లకెళ్లి గోడలకు డ్రిల్లు వేయడం, సాయంత్రం టీలు తేవడం నా పని. పేపర్లో ఆ వార్త చదివింది మా సేటే. చదివి, కళ్లజోడు తీసి, ఇంగ్లిష్‌లో ఓ ప్రాస జోకు వేశారు. ఆడియో పిచ్చోళ్ల లోకంలో అది చాలా పాతది. మన మాటల్లో చెప్పాలంటే, పై స్వరాలు వినపడవు, కింది స్వరాలు వినపడవు, అయితే అది బోసే అయ్యుంటుంది, అని. అందరం నవ్వాం. కొత్తవాణ్ని కదా, నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

నిజం చెప్పాలంటే, అప్పటికి నేను బోస్ స్పీకర్ ఒక్కటి కూడా వినలేదు.

హైఎండ్ ఆడియో అంటే తెలియని వాళ్లకి ఒక్క మాట. అదో చిన్న కులం లాంటిది. అందులో ఒక కేబుల్‌కి లక్ష రూపాయలు పెట్టేవాళ్లుంటారు. కరెంటు అర్ధరాత్రి శుభ్రంగా వస్తుంది కాబట్టి పాటలు అప్పుడే వినాలి అనేవాళ్లుంటారు. నేనేం వెక్కిరించడం లేదు, ఇప్పుడు నేనూ అందులోవాణ్నే. ఆ కులంలో బోస్ పేరెత్తితే ముఖం చిట్లించాలి, అదో ఆచారం. వాళ్ల ఫిర్యాదులు మూడు. కంపెనీ తన స్పీకర్లకు కొలతలు, గ్రాఫులు ప్రకటించదు. చిన్న డబ్బాలకు పెద్ద ధర పెడుతుంది. ప్రకటనలు మాత్రం హోరెత్తిస్తుంది. నాలుగోది కూడా ఉంది, అదే అసలైంది. దాని గురించి తర్వాత చెప్తాను.

అదే ఏడాది వానలు వెనకబట్టాక పద్మారావునగర్ నుంచి ఓ రిటైర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ గారు షాపుకి ఫోన్ చేశారు. ఎనభైల్లో అమెరికా నుంచి తెచ్చుకున్న స్పీకర్లు గరగరమంటున్నాయట. సేటు నన్ను పంపించారు. వెళ్లి చూస్తే బోస్ 901.

హాల్లో రెండు డబ్బాలు గోడకి అడుగు దూరంలో స్టాండ్ల మీద ఉన్నాయి. ముందువైపు గుడ్డ తీసి చూశాను. ఒకే ఒక్క కోను. వెనక్కి వెళ్లి చూస్తే ఎనిమిది. అన్నీ గోడ వైపు చూస్తున్నాయి.

"సార్, వీటిని తిరగేసి పెట్టారు," అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "కూర్చో బాబూ, కాఫీ తాగుతావా?" అన్నారు. ఆ కాఫీతో పాటు చెప్పారు బోస్ కథ.

1956లో అమెరికాలోని ఎంఐటీలో డాక్టరేట్ అయిపోవస్తుంటే, తనకు తానే ఓ బహుమతి ఇచ్చుకుందామని బోస్ ఒక స్టీరియో కొన్నాడు. ఇంజనీరు కదా, కొలతలన్నీ చూసి, కాగితం మీద ఏది గొప్పదో అదే ఎంచుకున్నాడు. ఇంటికి తెచ్చి వయొలిన్ రికార్డు పెట్టాడు. చిన్నప్పుడు ఏళ్ల తరబడి వయొలిన్ నేర్చుకున్న చెవులవి. ఒక్క రికార్డుకే విసుగొచ్చేసింది. ఇది వయొలిన్ కాదు అనుకున్నాడు. ల్యాబులో కొలిస్తే అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. అంకెలు అబద్ధం చెప్పలేదు, కానీ చెవి ఒప్పుకోలేదు. మరి అంకెలకి అందనిది చెవి దేన్ని వింటోంది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆయన ఏళ్లకేళ్లు తిరిగాడు.

సమాధానం గోడల్లో దొరికింది. కచేరీ హాల్లో కూర్చున్నవాడికి వేదిక నుంచి నేరుగా వచ్చే శబ్దం చాలా తక్కువ. ఎక్కువ భాగం గోడలకి, కప్పుకి తగిలి, తిరిగి తిరిగి చెవిలో పడుతుంది. అందుకే ఆ డబ్బాలో తొమ్మిది కోన్లు పెట్టి ఎనిమిదింటిని గోడకేసి తిప్పాడు. 1966లో చేసిన మొదటి స్పీకర్ దెబ్బతింది. ఇరవై రెండు కోన్లతో, గోళాన్ని ఎనిమిదో వంతు కోసినట్టు, గది మూలలో కూర్చునేది అది. 1968లో వచ్చిన 901 మాత్రం కంపెనీని నిలబెట్టింది. దశాబ్దాల పాటు అదే పేరుతో అమ్ముడుపోయింది.

నాకు సగమే అర్థమైంది. పని మొదలెట్టాను. కోన్ల అంచున ఉండే ఫోమ్ పొడైపోయి రాలుతోంది. ఆ కాలపు ఫోమ్ ఏ కంపెనీదైనా మన తేమకి అంతే. రెండు డబ్బాలకీ కలిపి పద్దెనిమిది కోన్లు. ఒక్కోటీ విప్పి, పాత జిగురు గీకి, కొత్త అంచు అతికించి, మధ్యలో కాయిల్ రాసుకోకుండా సరిచూసి ఆరబెట్టాలి. పైగా ఒక డబ్బాలోని తొమ్మిది కోన్లూ సీరియల్ బల్బుల దండలా వరసగా కలిపి ఉంటాయి. ఒకటి చస్తే అన్నీ మూగబోతాయి. నాలుగు రోజులు పట్టింది.

నాలుగో రోజు సాయంత్రం ప్రొఫెసర్ గారు ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ పెట్టారు. పాతకాలపు మోనో రికార్డింగు, వెనకాల సన్నటి గీతల చప్పుడు. షాపులో నాకు నేర్పిన పాఠం ఏంటంటే, మంచి స్పీకర్ ముందు కళ్లు మూసుకుంటే వాయించే మనిషి ఎక్కడ కూర్చున్నాడో వేలుపెట్టి చూపించగలగాలి. ఇక్కడ ఎంత ప్రయత్నించినా నాయుడు గారు ఎక్కడున్నారో చెప్పలేకపోయాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వయొలినే. పాఠం ప్రకారం తప్పు. ఘోరమైన తప్పు.

చేతుల మీద వెంట్రుకలు మాత్రం లేచి నిలబడ్డాయి.

రాత్రి షాపుకెళ్లగానే సేటు అడిగారు, "ఎట్లున్నయ్‌రా?" అని. "బోసే కదా సార్, ఏముంటది," అన్నాను. నవ్వారు. నా చెవికి నేనే అబద్ధం చెప్పుకున్న మొదటి రోజు అదే. జీతం పెంచమని అడగాల్సి ఉంది, అదీ ఒక కారణమేమో.

ఆ రోజు నుంచి ఈ మనిషి గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను, షాపులో ఎవరికీ తెలియకుండా. తండ్రి ననీ గోపాల్ బోస్ బెంగాలీ. బ్రిటిష్ వాళ్లకి వ్యతిరేకంగా పనిచేసి జైలుపాలై, అక్కణ్నుంచి తప్పించుకుని అమెరికా చేరిన విప్లవకారుడు. తల్లి అమెరికన్ టీచరు, ఆవిడకి వేదాంతమంటే ప్రాణం. అమర్ 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. ఆ రోజుల్లో రంగు చూసి ఈ కుటుంబానికి హోటల్లో వడ్డించేవాళ్లు కాదట. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు ఆగిపోయి తండ్రి దిగుమతి వ్యాపారం మూతపడితే, హైస్కూలు వయసు పిల్లాడు ఇంటి బేస్‌మెంట్‌లో రేడియోలు రిపేరు చేసి ఇల్లు గడవడానికి సాయపడ్డాడు. ఇది చదివినప్పుడు నాకో రకమైన దగ్గరతనం అనిపించింది. చేతికి సోల్డరింగ్ ఐరన్ కాలిన మచ్చ ఉన్నవాళ్లకి తెలుస్తుంది అది.

ఎంఐటీలో డాక్టరేట్ తర్వాత ఫుల్‌బ్రైట్ స్కాలర్‌గా కొంతకాలం ఢిల్లీలో ఉన్నాడు. తర్వాత అదే ఎంఐటీలో 2001 దాకా పాఠాలు చెప్పాడు. 1964లో కంపెనీ పెట్టాక కూడా క్లాసు మానలేదు. కంపెనీని షేర్ మార్కెట్‌కి తీసుకెళ్లలేదు. వచ్చిన లాభం మళ్లీ పరిశోధనలోనే పోశాడు. ఎంబీఏలు నడిపే కంపెనీలో అయితే తనని వందసార్లు ఉద్యోగంలోంచి తీసేసేవారని ఆయనే చెప్పుకున్నాడు. అది గొప్పలకి అన్నమాట కాదు. కార్లు గతుకుల మీద ఊగకుండా ఉండే సస్పెన్షన్ కోసం 1980లో పని మొదలుపెట్టి, ఇరవై నాలుగేళ్లు రహస్యంగా నడిపి, 2004లో చూపించాడు. కారు అడ్డంగా పెట్టిన దుంగ మీదుగా మేకపిల్లలా ఎగిరి దూకే వీడియో ఉంది, చూడండి. అది బరువు, ఖర్చు ఎక్కువై ఏ కారులోకీ ఎక్కలేదు, అది వేరే సంగతి.

మీలో చాలామంది ఇది ఇయర్‌బడ్స్ పెట్టుకునే చదువుతూ ఉంటారు. నాయిస్ క్యాన్సిలింగ్ నొక్కగానే మెట్రో రొద ఒక్కసారిగా బావిలో పడిపోయినట్టు ఉంటుంది కదా. 1978లో బోస్ జ్యూరిచ్ నుంచి బోస్టన్‌కి విమానంలో వస్తూ ఎయిర్‌లైన్ వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజిన్ హోరులో పాట వినపడలేదు. సీట్లో కూర్చునే లెక్కలు వేశాడు. బయటి చప్పుడుని ఒక చిన్న మైకు వింటుంది, దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే చప్పుడుని హెడ్‌ఫోన్ పుట్టిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆలోచన ఆయనకన్నా ముందు నుంచే ఉంది. దాన్ని మనిషి చెవికి తగిలించడానికే పదకొండేళ్లు పట్టింది. 1989లో పైలట్లకి, 2000లో మనబోటి ప్రయాణికులకి. ఇప్పుడు పదిహేను వందల రూపాయల బడ్స్‌లో కూడా ఉంది. వాటిలో ఆయన కంపెనీ ముద్ర లేకపోవచ్చు.

ఇంతవరకూ చదివితే దేవుడి పటం పక్కన పెట్టాల్సిన మనిషే అనిపిస్తుంది. నాకూ అనిపించింది, చాలాకాలం. అప్పుడే ఆ ఫోన్ కాల్ వచ్చింది.

2021. షాపు మానేసి మూడేళ్లైంది. సొంతంగా ఇన్‌స్టలేషన్లు చేసుకుంటూ, ఖాళీ దొరికితే స్పీకర్లు, ఇయర్‌ఫోన్ల మీద రివ్యూలు పెడుతున్నాను. చూసేవాళ్లు బాగానే ఉన్నారు. గుడివాడ దగ్గర ఊళ్లో ఒకాయన సొంతంగా టవర్ స్పీకర్లు చేస్తాడని విని ఒక జత తెప్పించుకున్నాను. టేకు పని అద్భుతం. ఆయన పెద్ద కంపెనీ ఏమీ కాదు. ఒక్కడు, ఒక వడ్రంగి, ఒక రేకుల షెడ్డు.

విన్నాను. రాశాను. చెక్కపని బాగుంది, బేస్ బాగుంది అని రెండు ముక్కలు రాసి, మూడో ముక్క ఇలా రాశాను: 'ఈ డబ్బాల్లో సుశీలమ్మ గొంతు వింటే పాటలా లేదు, పక్కింట్లో ఎండుమిరపకాయల పోపు పెట్టినట్టుంది.'

ఆ వాక్యం తట్టినప్పుడు ఎంత సంబరపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. అది స్క్రీన్‌షాట్లై తిరిగింది. 'పోపు స్పీకర్' అని కొందరు పేరు కూడా పెట్టేశారు.

వారం తర్వాత రాత్రి పదింటికి ఫోన్.

"తమ్ముడూ, పోపు స్పీకర్ చేసినోణ్ని మాట్లాడతన్నా."

నాకు నోట మాట రాలేదు.

"నువ్వు విన్న గదికి కర్టెన్లు ఉన్నాయా?"

లేవు. మూసాపేటలో అద్దె గది. కింద టైల్సు, ఒక పక్క గాజు కిటికీ, ఒక పక్క ఇనప బీరువా, ఖాళీ గోడలు. చప్పట్లు కొడితే ఖంగుమంటుంది. స్పీకర్‌లో సగం గదే అని నలుగురికీ చెప్పుకు తిరిగేవాణ్ని నేను. ప్రొఫెసర్ గారింట్లో నాలుగు రోజులు కూర్చుని నేర్చుకున్న పాఠం అది. ఆ గదిలో నలభై నిమిషాలు విని, ఆయన రెండేళ్ల పనిని ఒక్క వాక్యంలో తాలింపు పెట్టేశాను.

"అది నా ఒపీనియన్ అన్నా," అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

"ఒపీనియన్ నీదే తమ్ముడూ. వెనక్కిచ్చిన అడ్వాన్సులు మాత్రం నావి. ఇద్దరు తీసుకెళ్లిపోయారు."

రివ్యూ తీసేస్తానన్నాను. "తియ్యకు. తీస్తే నేను డబ్బులిచ్చి తీయించాననుకుంటారు," అని పెట్టేశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక, నాకు మద్దతుగా ఏమన్నా దొరుకుతుందేమో అని వెతికాను. రివ్యూ రాసినవాడి మీద కోపం వస్తే ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అని. వెతుకుతుంటే తగిలింది మళ్లీ బోసే. హైఎండ్ వాళ్ల నాలుగో ఫిర్యాదు అన్నానే, అదే ఇది. పైపైన తెలుసు కానీ, పూర్తిగా ఎప్పుడూ చదవలేదు.

1970 మేలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక 901ని పరీక్షించి రాసింది. వినియోగదారుల కోసం వస్తువుల్ని పరీక్షించి, ప్రకటనలు తీసుకోకుండా నడిచే పత్రిక అది. వాళ్లేమన్నారంటే, ఈ స్పీకర్లలో వాయిద్యాలు రాక్షసంగా పెరిగిపోయి గది అంతా తిరుగుతున్నట్టు ఉన్నాయి, వయొలిన్ పది అడుగుల వెడల్పు ఉంది, పియానో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగింది, అని.

చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. పద్మారావునగర్ హాల్లో నేను విన్నది సరిగ్గా అదే కదా! గోడంతా వయొలిన్. వాళ్లు దాన్ని తిట్టారు. నా ఒళ్లు పులకరించింది. విన్నది ఒక్కటే.

బోస్ సవరణ వేయమన్నాడు. పత్రిక వేయలేదు. 1971లో కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి నడిచి, కేసంతా చివరికి ఒక్క ముక్క మీద నిలబడింది: గది అంతా తిరగడం. పరీక్ష చేసిన ఇంజనీరు బోనెక్కి, మేము అన్నది గదంతా అని కాదు, రెండు స్పీకర్ల మధ్య గోడ వెంబడి అటూ ఇటూ అని, అన్నాడు. జడ్జి నమ్మలేదు, తెలిసే తప్పు రాశారని తేల్చాడు. పైకోర్టు దాన్ని కొట్టేసింది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా పత్రిక పక్షాన తీర్పు చెప్పింది. విన్నదాన్ని మాటల్లో పెట్టబోయి సరైన మాట పడకపోయినంత మాత్రాన, తెలిసి అబద్ధమాడినట్టు కాదు అని దాని సారం. పత్రికా స్వేచ్ఛ పాఠాల్లో ఈ కేసు ఇప్పటికీ చెప్తారు.

వ్యాసం వచ్చిన నాటి నుంచి తీర్పు దాకా పద్నాలుగేళ్లు. ఒక వయొలిన్ గోడ వెంట నడిచిందా, గది మధ్యలోకి వచ్చిందా అని.

నేను పత్రిక వైపే, అప్పుడూ ఇప్పుడూ. ఆ తీర్పు రాకపోయి ఉంటే మీరు చదివే రివ్యూలన్నీ పెళ్లి పత్రికల్లా ఉండేవి. కానీ నన్ను కలవరపెట్టింది గెలుపోటములు కాదు. అంకెలు కాదు చెవి ముఖ్యం అని జీవితం మొత్తాన్ని పణంగా పెట్టిన మనిషి, ఎదుటివాడి చెవి తనతో ఒప్పుకోకపోతే లాయర్ని పిలిచాడు. కొలతలు ప్రకటించను, విని చెప్పండి అన్నాడు. విని చెప్పారు. అదే భరించలేకపోయాడు. తండ్రి రాజ్యం మీద తిరగబడ్డవాడు, కొడుకు ఒక పత్రిక మీద. ఇలా పోల్చడం అన్యాయమేనేమో, ఆ రాత్రి మాత్రం అలాగే అనిపించింది.

ఇంకోటి కూడా అనిపించింది. వయొలిన్ గదంతా తిరుగుతోంది అని రాసిన చేతికి ఆ వాక్యం ఎంత ముద్దొచ్చి ఉంటుందో. నా పోపు నాకు వచ్చినట్టే.

మూడు నెలలు తాత్సారం చేసి, నాలుగో నెలలో గుడివాడ బస్సెక్కాను. ముందే ఫోన్ చేసి చెప్తే రానక్కర్లేదు అంటాడేమోనని, ఊరి సెంటర్లో దిగి చేశాను. "వచ్చేశావుగా, ఇంక రా," అన్నాడు.

నలభై ఐదు దాటిన మనిషి. షెడ్డులో ఒక మూల మంచి గది కట్టుకున్నాడు. గోడలకి పాత బొంతలు, కింద జంపఖానా. అదే జత, అదే సుశీలమ్మ. విన్నాను. గది మంచిది కావడంతో ఘాటు సగం తగ్గింది. కానీ మిగతా సగం ఉంది. 'స' అక్షరం వచ్చినప్పుడల్లా చెవిలో సన్నగా సూది గుచ్చుతోంది. బస్సులో ఆరు గంటలు సిద్ధం చేసుకున్న క్షమాపణ గొంతులోనే ఉండిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

సేటు అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు గుర్తొచ్చింది. "నా గది తప్పు సగం ఉందన్నా. సగం మాత్రం ఇందులోనే ఉంది," అన్నాను.

ఆయన ముఖం మారింది. లేచి బయటికెళ్లాడు. అయిపోయింది, ఇంక బస్‌స్టాండే అనుకున్నాను. భోజనానికి పిలిచాడు.

అన్నం తింటుండగా గమనించాను. ఆయన భార్య కుడిపక్క నుంచి రెండుసార్లు "మజ్జిగ పొయ్యనా?" అని అడిగింది. పలకలేదు. ఆవిడ అలవాటుగా ఎడమపక్కకి తిరిగొచ్చి అడిగింది. హాల్లో టీవీ ఊరంతా వినపడేంత మోగుతోంది. మాటల్లో తెలిసింది, స్పీకర్ల తయారీకి ముందు ఇరవై ఏళ్లు మైక్ సెట్ నడిపాడట. పెళ్లిళ్లు, వినాయక పందిళ్లు, ఎలక్షన్ జీపులు. గొట్టం మైకుల కింద నిద్రపోయిన రోజులున్నాయని నవ్వుతూ చెప్పాడు.

పెద్ద చప్పుళ్ల మధ్య బతికినవాళ్లకి ముందుగా దెబ్బతినేది నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల. 'స', 'త' లాంటి హల్లుల పదును ఉండేది ఆ ప్రాంతంలోనే. అక్కడ తనకి వినపడనిది స్పీకర్‌లో లేదనుకుని, ఈయన దాన్ని పెంచుకుంటూ పోయాడు. తన చెవికి సరిపోయేదాకా. ఆయన చెవికి అది నిజంగానే సుశీలమ్మ గొంతు. నా చెవికి పోపు. ఇద్దరం అబద్ధం చెప్పలేదు.

"అన్నా, ఒకసారి చెవులు చూపించుకోండి," అన్నాను చెయ్యి కడుక్కుంటూ.

"అంటే స్పీకర్ కాదు, నాకే రోగమంటావు."

"అది కాదన్నా..."

"తెలిసిందిలే. పద, బస్సు టైమైంది."

దారి పొడవునా తిట్టుకుంటూ వచ్చాను, నన్నే. ఒకసారి వెక్కిరించింది చాలక, రెండోసారి ఇంటికెళ్లి మరీ చెవిటివాడివని చెప్పొచ్చాను. ఆయన దగ్గర లాయర్లకి డబ్బుల్లేవు కాబట్టి సరిపోయింది, అనుకున్నాను.

నెలన్నర తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో. మాటేం లేదు. విజయవాడలో తీయించుకున్న ఆడియోగ్రామ్. రెండు చెవుల గీతలూ నేరుగా వచ్చి, నాలుగు వేల దగ్గర గోతిలో పడి, మళ్లీ కాస్త పైకి లేచాయి. కుడిచెవి గొయ్యి మరీ లోతు. ఏం జవాబు పెట్టాలో తెలియక చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది: 'ఆదివారం ఖాళీయేనా.'

బోస్ చివరి రోజుల్లో చేసిన పని ఒకటి అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. 2011లో తన కంపెనీ వాటాల్లో ఎక్కువ భాగం ఎంఐటీకి రాసిచ్చేశాడు. షరతులేంటంటే, లాభం తీసుకోవచ్చు, వాటా అమ్మకూడదు, కంపెనీ నడపడంలో ఓటు వేయకూడదు. ఇచ్చాడు, కానీ చెప్పుచేతల్లోంచి జారనివ్వలేదు. ఆ మనిషి మొత్తం అందులోనే ఉన్నాడనిపిస్తుంది నాకు. ఆయన గురించి మాట్లాడేటప్పుడు ఇప్పుడు నేను ఆ ప్రాస జోకు వేయను. ఎవరైనా వేస్తే నవ్వొస్తుంది మాత్రం, ఏం చేయను.

ఆదివారం వెళ్లాను. ఆయన డబ్బా వెనక పలక విప్పి, ట్వీటర్‌కి వెళ్లే దారిలో ఉన్న రెసిస్టర్ తీసేసి, కొంచెం పెద్ద విలువది టాకా వేశాడు. నేను జంపఖానా మీద కూర్చున్నాను. పాట పెట్టాడు. ఇంకొంచెం అన్నాను. మళ్లీ విప్పాడు. నాలుగోసారికి సూది పోయింది, గొంతు నిలబడింది.

"ఇప్పుడు బాగుందన్నా."

ఆయన స్పీకర్ ముందు వంగి, ఎడమ చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నాకు గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంది తమ్ముడూ," అన్నాడు. సోల్డరింగ్ ఐరన్ స్టాండ్‌లో పెట్టి, వెనక పలక స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. "ఇట్టాగే ఉంచేద్దాం. కొనేది నేను కాదుగా."